జంపఖానా ముక్క

కరోనా రెండో అల తగ్గిన మరుసటి ఏడాది జూలైలో నేను మా పత్రిక హన్మకొండ బ్యూరోలో సీనియర్ స్టాఫ్ రిపోర్టర్‌ని. పదవీ విరమణకు పది నెలలు మిగిలి ఉంది. ఆ దశలో ఉన్న రిపోర్టర్‌కు రోజువారీ బీట్లు ఇవ్వరు. పోలీసు, కలెక్టరేట్, రాజకీయం వయసులో ఉన్నవాళ్లు చూసుకుంటారు. ఆదివారం పేజీకి తీరిగ్గా రాసే కథనాలు, ఎవరూ తెరవడానికి ఇష్టపడని ఉత్తరాల ఫైలు మాలాంటివాళ్లకు మిగులుతాయి.

ఆ ఫైల్లో సగం ఆకాశరామన్న ఉత్తరాలే. వాటి విషయంలో నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సీనియర్లు ఒక కొలత నేర్పారు: ఇద్దరు మనుషులు, ఒక కాగితం, ఒక వెర్షన్. ఇద్దరు విడివిడిగా అదే మాట చెప్పాలి. దాన్ని బలపరిచే కాగితం ఒకటి చేతికి రావాలి. ఎవరిమీద రాస్తున్నామో వాళ్ల మాట, అంటే వెర్షన్, అదే వార్తలో ఉండాలి. ఈ మూడింట్లో ఒకటి తక్కువైనా ఉత్తరం మళ్లీ ఫైల్లోకే పోవాలి.

జూలై మొదటి వారంలో వచ్చిన ఉత్తరం కంప్యూటర్ మీద కొట్టింది. కొత్తవాడ దగ్గర ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రం ఉందని, అక్కడ ఆడవాళ్లను ఆయాలు అని, మగవాళ్లను అటెండెంట్లు అని పిలుస్తారని, ఆయాలకు తొమ్మిది వేలు, అటెండెంట్లకు పద్నాలుగు వేలు ఇస్తారని అందులో ఉంది. ఇద్దరి పనీ ఒకటేనని, నిజానికి మంచం పట్టిన వృద్ధులను లేపేదీ తిప్పేదీ ఆడవాళ్లేనని రాశారు. సంతకం లేదు.

చదవగానే నాకు అనుమానం వచ్చింది. కష్టం పడ్డ మనిషి రాసే ఉత్తరం ఇలా ఉండదు. తనకు ఏ రోజు ఏం జరిగిందో ముందు చెప్పుకుంటారు, చెప్పిందే రెండుసార్లు చెబుతారు, చివర్లో దేవుడి మీద ఒట్టు పెడతారు. ఈ ఉత్తరంలో మనిషి లేడు, రోజు లేదు. పైగా రెండు రకాల జీతాలూ కచ్చితంగా తెలిసిన చెయ్యి అది. అన్నిటికంటే ముఖ్యంగా, కాగితానికి పైభాగం లేదు. రెండు అంగుళాల మేర కత్తెరతో కత్తిరించేశారు. ఎడమ అంచున పైనుంచి కిందికి సన్నటి ఆకుపచ్చ గీత మాత్రం మిగిలింది. ఏదో సంస్థ లెటర్‌హెడ్ మీద కొట్టి, పేరున్న చోటును కోసి పంపారు.

మా బ్యూరో ఇన్‌చార్జి నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు. కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "అన్నా, తల కోసిన కాయిదం పంపినోనికి తలకాయ మస్తుగనే ఉన్నది. జర చూసుకొని పో" అన్నాడు.

ఆ నెలలోనే కాజీపేట వైపు మరో సంరక్షణ కేంద్రం తెరిచారని నాకు తెలుసు. ఉత్తరం మూలన పెన్సిలుతో "ఎవరికి లాభం?" అని రాసుకుని బయల్దేరాను.

కొత్తవాడ కేంద్రం మూడంతస్తుల భవనం. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. నలభై మంది వృద్ధులుండేవారు, అందులో సగానికి పైగా మంచానికే పరిమితం. మేనేజర్ సుధాకర్ నన్ను చూడగానే లేచి నిలబడి, "యాడ్ కోసమా సార్? దసరాకు ఇస్తమని మొన్ననే మీ పిల్లగానికి చెప్పినం గద" అన్నాడు. ఆ అనుమానాన్ని నేను తప్పుపట్టను. పండుగలకు ప్రకటనలు తెచ్చే బాధ్యత బ్యూరో రిపోర్టర్ల మీద కూడా పడుతుంది. ప్రైవేటు సంస్థ గేటు దగ్గర మేము కనిపిస్తే, వార్తకు వచ్చామని ఎవరూ ముందుగా అనుకోరు.

విషయం చెప్పాను. అతనికి కోపం రాలేదు. ఎవరు చెప్పారని అడగలేదు. తనే సిబ్బంది జాబితా తీసి నా ముందు పెట్టాడు. ఉత్తరంలో ఉన్న జీతాలే అక్కడా ఉన్నాయి. "దాచేదేమున్నది సార్? పని తేడా, జీతం తేడా. ఆయాలు తినిపిస్తరు, తుడుస్తరు, బట్టలు మారుస్తరు. బరువు పని అటెండెంట్లది" అన్నాడు. ఇంత తొందరగా తెరుచుకునే తలుపును నేను నమ్మను. కానీ అతని దగ్గర కాగితం ఉంది.

ఆ కాగితం పేరు పొజిషన్ చార్ట్. కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టాలి. ఒకే పక్కన వదిలేస్తే వీపు మీద, తుంటి దగ్గర పుండ్లు పడతాయి. అవి పడితే మానడం కష్టం. అందుకే ప్రతి మంచానికీ ఒక చార్ట్ వేలాడదీస్తారు. ఏ టైముకు తిప్పారు, ఏ పక్కకు తిప్పారు, ఎవరు తిప్పారు అని మూడు గడులు. సుధాకర్ మూడు నెలల చార్ట్‌లు తెచ్చాడు. ప్రతి గడిలో మగవాళ్ల సంతకాలే. ఒక్క ఆయా పేరు కూడా లేదు.

మా వృత్తిలో మనిషి మాటకు కాగితం అడుగుతాం, కాగితానికి మాత్రం మనిషిని అడగం. ఉత్తరం అబద్ధమని, కాజీపేట వైపువాళ్ల పనేనని అప్పటికి ముప్పాతిక వంతు నిర్ణయించుకున్నాను. అయినా అలవాటు కొద్దీ ఆ రోజు చార్ట్‌లకు జిరాక్స్ కావాలన్నాను. కరెంటు లేదు, కాసేపట్లో వస్తుందన్నాడు.

గేటు ఎదురుగా చాయ్ బండి ఉంది. పదకొండుకు పావు తక్కువకు అక్కడికి వెళ్లాను. మెడలో కేంద్రం గుర్తింపు కార్డు వేసుకున్న మనిషి ఒకడు అప్పటికే గ్లాసు పట్టుకుని ఉన్నాడు. పేరు శ్రీకాంత్, ముప్పై దాటి ఉంటాయి, మరిపెడ దగ్గర పల్లె, అటెండెంట్‌గా రెండేళ్లు. మాటకారి. ఆయాలు కూడా లేపుతారట కదా అని నేను మామూలుగా అడిగితే పెద్దగా నవ్వాడు.

"ఆడోళ్లా? మీరు మా సేటును చూడలేదు సార్. ఎనుమాములల అడ్తి నడిపినోడు. తొంబై కిలోలుంటడు. ఆయన్ని తిప్పాలంటే నా నడుమే పట్టేస్తది."

నా చాయ్‌కు కూడా అతనే డబ్బులిచ్చాడు, వద్దన్నా వినలేదు. రెండో గ్లాసు తాగుతూ వర్షాల గురించి, వాళ్ల ఊరి పత్తి గురించి చెప్పాడు. లోపల పని లేదా అని అడిగితే, పొద్దటి పని అయిపోయిందన్నాడు. కరెంటు వచ్చి బండి పక్క కొట్టులో ఫ్యాను తిరిగినప్పుడు పదకొండు ఇరవై. ఇద్దరం కలిసే లోపలికి నడిచాం.

సుధాకర్ ఇచ్చిన జిరాక్స్‌లు తీసుకుని, థాంక్స్ చెప్పి, ఆటో కోసం రోడ్డు మీద నిలబడి వాటిని చూశాను. పైనున్నది సేటు మంచానిది. ఏడు గంటలు, ఎడమ, శ్రీకాంత్. తొమ్మిది గంటలు, కుడి, శ్రీకాంత్. పదకొండు గంటలు, ఎడమ, శ్రీకాంత్. పదకొండు గంటలకు శ్రీకాంత్ నా ఎదురుగా రెండో గ్లాసు ఊదుకుంటున్నాడు. ఆ కింది గడి ఒంటిగంటది. కుడి, శ్రీకాంత్. నా వాచీలో అప్పుడు పదకొండున్నర.

వెనక్కి వెళ్లి సుధాకర్‌కు చూపించలేదు. దొరికింది దొరికిన చోటే చూపిస్తే మిగతా కాగితాలు మర్నాటికి సర్దుకుంటాయి. పైగా దీంతో తేలింది ఒక్కటే, శ్రీకాంత్ ముందే సంతకం పెడతాడని. పదకొండింటికి సేటును ఎవరు తిప్పారో, అసలు తిప్పారో లేదో చార్ట్ చెప్పదు.

సేటు నాకు కొత్త కాదు. చాలా ఏళ్ల కిందట నేను మార్కెట్ వార్తలు రాసిన రోజుల్లో ఎనుమాముల యార్డు నుంచి మిర్చి ధరలు ఫోన్‌లో చెప్పిన, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి వ్యాపారి ఆయనే. పక్షవాతం వచ్చి ఇక్కడ ఉన్నాడని శ్రీకాంత్ చెప్పేదాకా తెలియదు. రెండు రోజులాగి, సాయంత్రం నాలుగింటికి, సందర్శకుల వేళకు వెళ్లాను. గేటు రిజిస్టర్లో "పలకరింపు" అని రాశాను. అది నిజమే. ఎవరు తిప్పుతారో చూడటానికి కూడా వచ్చానని రాయలేదు.

మాట కొంచెం ముద్దగా వచ్చినా సేటు మనసు చురుగ్గానే ఉంది. నన్ను గుర్తుపట్టి, ఈ ఏడు తేజ రకం మిర్చి ధర ఎంత పలికిందని అడిగాడు. మరుసటి తిప్పుడు అయిదింటికి. అయిదు కొట్టే వేళకు ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఒకామె స్వరూప, నలభైకి దగ్గర్లో ఉంటుంది, సన్నటి మనిషి. రెండో ఆమె లలిత, ఇంకా చిన్నది. స్వరూప చంకలో చుట్టిన జంపఖానా ముక్క ఉంది. బారెడు వెడల్పు, నీలం ఎరుపు చారలు, నాలుగు మూలలా చెయ్యి దూరేంత ఉచ్చులు కుట్టి ఉన్నాయి. కొత్తవాడ మగ్గాల మీద నేసే రకం.

దుప్పటి పట్టి లాగితే జారుతుంది, బరువుకు చిరుగుతుంది. మందపాటి నూలు జంపఖానా జారదు. సేటును కొంచెం ఒత్తిగిలించి, చుట్టను భుజాల నుంచి తుంటిదాకా కిందికి తోసి, అటువైపు నుంచి విప్పారు. చెరో వైపు నిలబడి ఉచ్చుల్లో చేతులు దూర్చారు.

"సేటూ, ఊపిరి బిగవట్టకు. బస్తా బిగుసుకుంటే బరువెక్కుతది" అంది స్వరూప.

"నా అడ్తిల నలుగురు హమాలీలుండె. మీరుంటే ఇద్దరిని తీసేద్దును."

"తీసేసి మాకేమిద్దువు?"

"హమాలీ రేటే. సంచి లెక్క. సంచికి ఆడ మొగ తెల్వది బిడ్డా."

లలిత నవ్వాపుకోలేక, "ఇగ లేపక్కా, నవ్వితే చేతులల్ల సత్తువ పోతది" అంది. ఒకటి, రెండు అని లెక్కపెట్టి ఒక్క ఊపున తిప్పారు. తొంభై కిలోల మనిషి కుడి పక్కకు వచ్చి దిండు మీద ఒదిగాడు. నేను చార్ట్ వైపు చూశాను. అయిదు గంటల గడిలో శ్రీకాంత్ సంతకం అప్పటికే ఉంది. నేనున్న ఆ గంటసేపట్లో శ్రీకాంత్ ఆ గదిలోకి రాలేదు.

స్వరూప నన్ను కూడా చూసింది. తర్వాత నేను మెట్లు దిగుతుంటే, మేడమీద ఆరేసిన దుప్పట్లు తీయడానికి వెళ్తూ ఆపింది. "మీరు పేపరాయన కదా? మొన్న శ్రీకాంత్‌తోని చాయ్ తాగిండ్రు. ఆయన తరఫున వచ్చిండ్రా, మేనేజర్ తరఫునా?" ఎవరి తరఫునా కాదని, ఒక ఉత్తరం వచ్చిందని చెప్పాను. "మా ఆయాలల్ల ఎవరు రాయలే. రాసుడే ఉంటే సంతకం మేమే పెడుతుంటిమి గద" అంది.

మేడ మీద దుప్పట్ల మధ్య నిలబడి పది నిమిషాలు మాట్లాడింది. అంతసేపూ మెట్ల వైపే చూస్తూ ఉంది. ఆయాలు చార్ట్ మీద సంతకం పెట్టకూడదట. అటెండెంట్‌గా మార్చమని ఆమె రెండుసార్లు అడిగింది. మొదటిసారి అది మగవాళ్ల పోస్టు అన్నారు. రెండోసారి పదో తరగతి ఉండాలన్నారు. "నేను టెన్త్ పాస్. శ్రీకాంత్ ఫెయిల్. కావాలంటే మెమో తెస్త." మర్నాడు తెచ్చి చూపించింది కూడా.

కానీ ఆమె భయం జీతం గురించి కాదు. ఆమె ఇల్లు కొత్తవాడలోనే, కేంద్రానికి నడిచివెళ్లేంత దూరం. ఇంట్లో అత్త మంచంలో ఉంది. భర్త మగ్గం పనికి పొద్దున్నే వేరే షెడ్డుకు పోతాడు. స్వరూప ఇక్కడ ఒంటిగంట తిప్పుడు పావుగంట ముందే ముగించి, అన్నం వేళలో ఇంటికి పరుగెత్తి, అత్తను పక్క మార్చి, తడి బట్టలు మార్చి తిరిగి వస్తుంది. ఆ ఒక్క సదుపాయం కోసమే ఈ కొలువు. "జీతం పెరగకున్నా ఫికర్ లేదు సారూ. గీ నౌకరి పోతే మా అత్తకు పుండ్లు పడుతయ్. గంతే."

నా పేరు రాస్తారా అని అడిగింది. రాయనన్నాను. మా ఇల్లు, మా వాడ? రాయనన్నాను. ఒట్టా అంది. మా వృత్తిలో ఒట్లు ఉండవని, చెప్పనన్న పేరు చెప్పబోమని అన్నాను. ఆమె దుప్పటి మడత పెడుతూ, "మీ పేపర్ల గిట్ల ఉండదా సారూ? ఒకలు జేసుడు, ఒకలు సంతకం పెట్టుడు?" అంది.

మండలాల్లో మాకు వార్తలు పంపే విలేకరులకు జీతం ఉండదు, అచ్చయిన పంక్తుల లెక్కన డబ్బులొస్తాయి. అంతకు ముందు నెలలోనే ఒక మండల విలేకరి వారం తిరిగి పంపిన వివరాలు నా పేరుతో మొదటి పేజీలో వచ్చాయి.

స్వరూప మాటను కూడా నేను అంత తేలిగ్గా నమ్మలేదు. ఆమెకు పదోన్నతి ఆశ ఉంది, కాబట్టి కారణమూ ఉంది. లలితను వేరుగా, ఆమె సెలవు రోజున అడిగాను. అదే చెప్పింది. సేటును పలకరించే నెపంతో మరో రెండు రోజులు వెళ్లాను. ఆ రెండు రోజులూ తిప్పింది ఆడవాళ్లే, సంతకాలు మగవాళ్లవే. కార్మిక శాఖ అధికారిని కలిస్తే చట్టం చూసేది పోస్టు పేరును కాదని, చేసే పనినని చెప్పారు. ఒకే రకం పని అయితే ఆడా మగా తేడాతో జీతం తగ్గించడం కుదరదని, రాతపూర్వకంగా ఫిర్యాదు కానీ పత్రికలో వార్త కానీ వస్తే విచారణకు నోటీసు ఇస్తామని అన్నారు.

చివరగా వెర్షన్ కోసం సుధాకర్‌కు ఫోన్ చేశాను. ముందుగా సంతకాలు పడుతున్నాయని చెప్పగానే అతని గొంతు మారింది. మొదటి రోజు అడగనిది ఇప్పుడు నాలుగుసార్లు అడిగాడు, ఎవరు చెప్పిండ్రు అని. "మీరు చెప్పుండ్రి సార్, పేరు బయటికి రానియ్యం" అన్నాడు. మేడ మీద నేను స్వరూపకు ఇచ్చిన మాట అదే. అతని నోట అది బెదిరింపులా వినిపించింది. ఎవరూ చెప్పలేదని, చూశానని అన్నాను. సంతకాల విషయం సరిదిద్దుకుంటామని, జీతాల్లో వివక్ష లేదని అతను చెప్పింది రాసుకున్నాను.

ఇద్దరు మనుషులు, కాగితం, వెర్షన్. కొలత సరిపోయింది. కథనం రాసి డెస్క్‌కు పంపాను. డెస్క్ అంటే మేము పంపినదాన్ని సరిచేసి, శీర్షిక పెట్టి పేజీలో కూర్చే సబ్ ఎడిటర్ల బృందం. గంటలో ఎడిషన్ ఇన్‌చార్జి ఫోన్ చేశారు. విషయం గట్టిగా ఉందని, కానీ ప్రభుత్వ నివేదికలా ఉందని, పైన ఒక దృశ్యం కావాలని అన్నారు. ఆయన అడిగింది తప్పు కాదు, నా కింద పనిచేసిన వాళ్లకు నేనూ అదే చెప్పేవాణ్ణి. జంపఖానా ముక్క, నాలుగు ఉచ్చులు, ఒకటి రెండు అనే లెక్క, సంచికి ఆడ మగ తెలియదన్న మాట. పది పంక్తుల్లో అది పైన చేరింది. స్వరూప పేరు లేదు. వయసు, వాడ, టెన్త్ మెమో, అత్త, ఏదీ లేదు. లలిత ప్రస్తావనే లేదు. సేటును "ఒక వృద్ధుడు" అన్నాను. పంపేముందు మరోసారి చదువుకున్నాను. బాగా వచ్చిందనిపించింది.

ఆదివారం జిల్లా పేజీలో వచ్చింది. "లేపేది ఆమె.. సంతకం ఆయనది" అని డెస్క్ శీర్షిక పెట్టింది. పొద్దుటి నుంచి ఫోన్లు, ఎక్కువగా మెచ్చుకోళ్లు.

సోమవారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక స్వరూప ఫోన్ చేసింది. ఏడవలేదు. "సారూ, పేరు రాయలే మీరు. మాట నిలబెట్టుకున్నరు. జంపఖానా రాసిండ్రు" అంది.

ఆదివారం పొద్దున్నే సుధాకర్ పేపరు పట్టుకుని అంతస్తులన్నీ తిరిగాడట. పద్నాలుగు మంది ఆయాలను వరసగా నిలబెట్టి, ఎవరు చెప్పారని అడగలేదట. సేటు మంచం పక్కనున్న ముక్కను ఎత్తి, "ఇది ఎవరింటిది?" అని అడిగాడట. పద్నాలుగు మందిలో మగ్గం పని ఉన్న ఇల్లు ఒక్క స్వరూపదే. ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు. రేపటి నుంచి రావొద్దన్నాడు. తీసేసినట్టు కాగితం ఇవ్వలేదు కాబట్టి తీసేసినట్టు రుజువు కూడా లేదు.

"ముక్క గూడ ఇయ్యలే సారూ. ఆడనే ఉంచుకున్నరు. సేటుకు కావాలె గద" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో, సేటు మీద ఆపేక్ష ఉందో నాకు అర్థం కాలేదు.

ఆ వారం చివర్లో నేను సుధాకర్ దగ్గరికి వెళ్లాను. స్వరూప తనంతట తనే మానేసిందన్నాడు. కార్మిక శాఖ నోటీసు వచ్చిందా అని అడిగితే వచ్చిందని, జవాబు కూడా ఇచ్చామని చూపించాడు. వాళ్ల దగ్గర ఇప్పుడు అటెండెంట్లు లేరు. శ్రీకాంత్, మిగతా మగవాళ్లు నోటీసు తేదీకి ముందు నుంచే ఫ్లోర్ సూపర్‌వైజర్లు అని నియామక పత్రాలు జతచేశారు. పని వేరైంది, కాబట్టి జీతం వేరు. ఆ పత్రాల మీద సిరా కొత్తగా కనిపించింది, కానీ సిరా వయసు రుజువు చేయడం నా చేతుల్లో లేదు. దిగి వస్తుంటే మెట్ల మీద లలిత ఎదురైంది, నన్ను చూడనట్టు తల తిప్పుకుంది. ఆయాలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం తగ్గించారని సేటు చెప్పాడు.

మూడు వారాల తర్వాత స్వరూప మా ఆఫీసుకు వచ్చింది. కాజీపేట వైపు కొత్త కేంద్రంలో పని దొరికింది. రెండు ఆటోలు మారాలి, మధ్యాహ్నం ఇంటికి రావడం కుదరదు. ఒంటిగంటకు ఆమె భర్త మగ్గం ఆపి ఇంటికి వస్తున్నాడు, ఆ మేరకు నేసే గజాలు, వాటి కూలీ తగ్గుతున్నాయి. అత్తకు నడుము కింద అప్పటికే ఎర్రబడిందని చెప్పింది. నియామక పత్రం ఇంగ్లిషులో ఉంది, చదివి చెప్పమంది. "మీరే చదవాలె. మీ పుణ్యాననే వచ్చింది" అంది.

కవరు తీశాను. పైన ఆ కేంద్రం పేరు, ఎడమ అంచున పైనుంచి కిందికి సన్నటి ఆకుపచ్చ గీత.

సొరుగులోంచి ఆకాశరామన్న ఉత్తరం తీసి పక్కన పెట్టాను. గీత గీతకు సరిపోయింది. పేరున్న పట్టీ ఎంత ఎత్తుందో, ఉత్తరం సరిగ్గా అంత మేర పొట్టిగా ఉంది. స్వరూప రెండింటినీ మార్చి మార్చి చూసింది.

"గందుకేనా! ఆ సెంటర్ సారు మీ పేపరు బల్ల మీద పెట్టుకొని అడిగిండు, ఆ జంపఖానామె నువ్వేనా అని. నవ్విండు గూడ" అంది. తర్వాత, "జీతమెంత రాసిండు?" అంది.

తొమ్మిది వేలు. హోదా, ఆయా. అక్కడ మగవాళ్లకు ఎంత అని అడిగాను. "పద్నాలుగే అంటాండ్రు" అంది.

దీన్ని కూడా రాయవచ్చని, ఈసారి ఆమె ప్రస్తావన ఏ రూపంలోనూ రాదని చెప్పాను. ఆమె కాగితం మడిచి కవర్లో పెట్టుకుంది. "వద్దు సారూ. మీరు రాయకుంటె వాళ్లకు తెల్వది. రాస్తె మీరెట్ల రాసినా తెలుస్తది" అని లేచింది. నేను రాయలేదు. మిగిలిన నెలలు గడిచాక, పదవీ విరమణ రోజున ఫైలును తర్వాతి మనిషికి అప్పగించి వచ్చేశాను.

ఆ ఉత్తరం ఎవరు రాశారన్న అనుమానంలో నేను తప్పలేదు. పోటీదారు, చెడ్డ ఉద్దేశం, మొదటి రోజు పెన్సిలుతో రాసుకున్నదే నిజమైంది. ఉద్దేశం చెడ్డదైనా సంగతి నిజం కావచ్చని కూడా అందులోనే తేలింది. ఉత్తరాన్ని, మేనేజర్‌ను, చార్ట్‌ను, శ్రీకాంత్‌ను, చివరికి స్వరూపను కూడా అనుమానించాను. అనుమానించనిది నేను రాసిన పది పంక్తులనే. మూలాన్ని దాచడం అంటే పేరు తీసేయడం అనుకున్నాను. మనిషిని పట్టిచ్చేది పేరొక్కటే కాదు. ఆ మనిషికి మాత్రమే ఉన్న పనితనం కూడా పట్టిస్తుంది, వార్తలో అందంగా కనిపించేదీ అదే.

ఇప్పుడు అప్పుడప్పుడు కొత్త విలేకరుల శిక్షణ తరగతులకు పిలుస్తుంటారు. అక్కడ ఈ సంగతి చెప్పి ఒక్క నియమం ఇస్తాను. కాపీ పంపేముందు రెండుసార్లు చదవాలి. ఒకసారి పాఠకుడిగా, ఇంకోసారి ఆదివారం పొద్దున ఆ పేపరు పట్టుకుని అంతస్తులు ఎక్కే మేనేజర్‌గా. ఆ రోజు నేను పాఠకుడిగానే రెండుసార్లు చదివాను.